పసుపు కొమ్ము నుంచి మందుబిళ్ల దాకా

ఆర్మూరు పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేది పసుపే కదా. సంక్రాంతి దాటిందంటే ఆ చుట్టుపక్కల ఊళ్లలో తవ్వకాలు, ఉడకబెట్టడాలు, కల్లాల్లో ఆరబోతలు, ఒకటే హడావుడి. ఆ కొమ్ములు మన పోపుల డబ్బాలోకే కాదు, మందుల కార్ఖానాలకూ వెళతాయి. అక్కడి లెక్క వేరు.

1815లో వోగెల్, పెల్లెటియర్ అనే ఇద్దరు పసుపులోని పచ్చటి పదార్థాన్ని వేరుచేసి కర్క్యుమిన్ అన్నారు. ఆ పెల్లెటియరే 1820లో కవెంటూతో కలిసి సింకోనా బెరడులోంచి క్వినైన్ తీశాడు. అంతవరకు మలేరియా జ్వరానికి బెరడు పొడే గతి. ఒక బెరడులో సారం ఎక్కువ, ఒకదానిలో తక్కువ. రోగికి ఎంత అందిందో వైద్యుడికే తెలియదు! సారాన్ని వేరుచేశాక మందును తూచి ఇవ్వడం వచ్చింది. దాన్నే ఇప్పుడు యాక్టివ్ ఇంగ్రీడియంట్ అంటున్నారు, అంటే అసలు మందు. దాన్ని టన్నులకొద్దీ తయారుచేస్తే బల్క్ డ్రగ్. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ, సోవియట్ సహాయంతో హైదరాబాదు బాలానగర్‌లో పెట్టిన కర్మాగారం పని అదే. అక్కడ ఉద్యోగం చేసిన అంజిరెడ్డిగారే 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. బాలానగర్ కర్మాగారం మాత్రం మూతపడింది.

అసలు మందు ఒక్కటే బిళ్ల కాదండీ. చిటికెడు మందును బిళ్లగా నిలబెట్టడానికి పిండి, చక్కెరలాంటివి కలపాలి. వీటిని ఎక్సిపియెంట్లు అంటారు. ఇవి ఉత్త జోడింపులే కదా అనుకోకండి. 1937లో అమెరికాలో సల్ఫా మందును డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి తియ్యని సిరప్‌గా అమ్మారు. మందు మంచిదే, కరిగించిన ద్రవమే విషం. వందమందికి పైగా చనిపోయారు, అందులో పసిపిల్లలెందరో. మరుసటి ఏడే అక్కడ కొత్త చట్టం వచ్చింది. మన దేశంలో మందుల చట్టం 1940లో వచ్చింది.

ఇక అట్టమీది బ్యాచ్ నంబరు. గారెలు వాయిలు వాయిలుగా వేస్తాం చూడండి, ఒక వాయి మాడితే ఆ వాయినే పక్కన పెడతాం. బ్యాచ్ అంటే వాయి అన్నమాట. అందుకే అట్ట చింపి పారేయకండి. ఆ అంకె లేకపోతే చెడ్డ వాయి ఏదో పట్టుకోలేరు.

మళ్లీ ఆర్మూరుకి వద్దాం. పసుపులో కర్క్యుమిన్ నూటికి రెండు నుంచి ఐదు పాళ్లు. అది ఏ జబ్బును నయం చేస్తుందో పరిశోధన ఇంకా తేల్చలేదు, మింగినా ఒంటికి సరిగా పట్టదు. అయినా సారం తీసే కంపెనీలు ఆ పాళ్లను బట్టే కొంటాయి. మన జిల్లా పసుపులో అది తక్కువంటూ ధర తగ్గించేవాళ్లున్నారు. మంచి ధర కోసం రైతులు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా సరుకు మోసుకెళ్లారు. 2019లో ఆర్మూరులో రోడ్డుమీద బైఠాయించారు, లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు నుంచి 178 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు. వాళ్లడిగిన పసుపు బోర్డు 2025 జనవరి 14న, సంక్రాంతినాడు, నిజామాబాదు కేంద్రంగా మొదలైంది. వాళ్లడిగిన రెండోది, మద్దతు ధర.