పులికాట్‌కు ప్రాణం ముఖద్వారాలే

సూళ్లూరుపేట: సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుపై జనవరిలో ప్రయాణిస్తే ఇరువైపులా నీరు, ఆ నీటిలో బారులు తీరిన రాజహంసలు కనిపిస్తాయి. మే నెలలో అదే చోట నెర్రెలిచ్చిన నేల, దానిపై తెల్లని ఉప్పు పొర మిగులుతాయి. సరస్సు చచ్చిపోయిందని కొత్తవారు భావిస్తారు. కానీ ఉత్తర భాగం వేసవిలో ఎండి వానలకు నిండడం పులికాట్ స్వభావమే. నిండవలసిన కాలంలో నిండకపోవడమే అసలు సమస్య.

చిలికా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. సుమారు 60 కిలోమీటర్ల పొడవున తిరుపతి జిల్లా నుంచి తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా వరకు వ్యాపించింది. అధిక భాగం మన రాష్ట్రంలోనే ఉంది. సగటు లోతు మీటరుకు అటూఇటూగా ఉండడంతో ఎండలకు నీరు త్వరగా ఆవిరవుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వర్షాలకు కాళంగి, ఆరణి నదుల మంచినీరు చేరి ఉప్పదనం తగ్గుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వేసవిలో ఉత్తర భాగంలో మిగిలే నీరు అంతకంటే ఉప్పగా మారుతుంది.

పూడుతున్న దారులు

ఉత్తరాన రాయదొరువు, మధ్యన కొండూరుపాలెం, దక్షిణాన తమిళనాడు పరిధిలోని పళవేర్కాడు వద్ద సరస్సు సముద్రంతో కలుస్తుంది. రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడతాయి. పిల్లలు ఈ దారులగుండా సరస్సులోకి వచ్చి పెరిగి, తిరిగి సముద్రానికి చేరతాయి. అలలు తెచ్చే ఇసుకతో ముఖద్వారం మూసుకుపోతే ఈ రాకపోకలు నిలిచిపోతాయి. రాయదొరువు, కొండూరుపాలెం వద్ద జరుగుతున్నది ఇదే. పూడిక తీయాలని మత్స్యకారులు ఏళ్ల తరబడి కోరుతున్నారు. ఒకసారి తీసి వదిలేస్తే ఇసుక మళ్లీ మేట వేస్తుంది. శ్రీహరికోట రోడ్డు సైతం ఉత్తర, దక్షిణ భాగాల మధ్య నీటి ప్రవాహానికి అడ్డంకిగా మారింది. వేట సాగక మన మత్స్యకారులు నీరున్న దక్షిణానికి వెళ్లడం, అక్కడి వారితో సరిహద్దు వివాదాలు తలెత్తడం పరిపాటి అయింది.

పక్షుల లెక్క వేరు

రాజహంసలు పొడవాటి కాళ్లతో నిలబడి, వంకర ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి సూక్ష్మ జీవులను వడగట్టి తింటాయి. వాటికి లోతు తక్కువ నీరే అనుకూలం. గూడబాతులు పులికాట్‌లో చేపలు పట్టి, దొరవారిసత్రం మండలం నేలపట్టు చెరువులోని నీటి కడప చెట్లపై గూళ్లు కడతాయి. రెట్టలు కలిసిన ఆ చెరువు నీరు పొలాలకు ఎరువవుతుందని గ్రామస్థులు వాటిని కాపాడుకుంటున్నారు. పక్షుల పేరిట సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ సైతం జరుగుతోంది. 2025లో దానిని జనవరిలో నిర్వహించారు. వేదికల అలంకరణపై చూపే శ్రద్ధలో కొంత ముఖద్వారాలపై చూపినా మేలేనని తీర గ్రామాలవారికి అనిపిస్తే తప్పు పట్టలేం.