తోటి ఉద్యోగుల తీరుతెన్నులు: ఒక ఆలోచన చరిత్ర

ఈ పాఠం చదివిన తరువాత మీరు, మనుషులను వారి తీరును బట్టి విభజించే ఆలోచన ఎక్కడ మొదలై కార్యాలయాల్లోకి ఎలా వచ్చిందో వివరించగలగాలి. ఆ విభజన ఎంతవరకు ఉపయోగమో, ఎక్కడ ప్రమాదమో గుర్తించగలగాలి.

పరిచయం

దూరవిద్యలో చదువుతున్న మీలో చాలామంది పగలు ఉద్యోగం చేసి రాత్రి పుస్తకం పట్టేవారే. కాబట్టి ఈ పాఠంలోని విషయం మీకు రోజూ ఎదురయ్యేదే. మీ ఆఫీసులో ఒకరు ఫైలు చేతికి రాగానే నిర్ణయం చెప్పేస్తారు. ఒకరు నలుగురితో మాట్లాడితేగాని ముందుకు కదలరు. ఒకరు ఎవరినీ నొప్పించకుండా తమ పని తాము చేసుకుపోతారు. మరొకరు ప్రతి అంకెనూ రెండుసార్లు సరిచూసుకుంటారు. వారితో చిక్కు వచ్చినప్పుడు ‘ఆయన తీరే అంత’ అని మనం తేల్చేస్తాం. అది ఎంతవరకు నిజం? ఈ ప్రశ్నకు వివిధ కాలాల్లో వచ్చిన జవాబులను వరుసగా చూద్దాం.

1. దేహం నుంచి స్వభావానికి

క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో హిపోక్రటీస్ పేరుతో నిలిచిన గ్రీకు వైద్య సంప్రదాయం, శరీరంలో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాలు ఉంటాయని చెప్పింది. క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు గేలెన్ ఈ ద్రవాల పాళ్లకూ మనిషి స్వభావానికీ ముడిపెట్టాడు. మన ఆయుర్వేదం కూడా వాత, పిత్త, కఫాల ఆధారంగా మనిషి ప్రకృతిని నిర్ణయించింది. ఎవరైనా అతిగా ప్రవర్తిస్తే ‘పైత్యం ముదిరింది’ అని మనం ఈనాటికీ అంటున్నామంటే, ఆ భావన భాషలో ఎంతగా ఇంకిపోయిందో గమనించండి. ఈ పాత పద్ధతులు స్వభావాన్ని ప్రధానంగా దేహంలోనే వెతికాయి. మనిషి ఎక్కడ, ఎవరితో, ఏ పరిస్థితిలో ఉన్నాడన్నది వాటిలో వెనక్కిపోయింది.

2. ఇరవయ్యో శతాబ్దపు వర్గీకరణలు

స్విట్జర్లాండుకు చెందిన మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో మానసిక రకాలపై గ్రంథం ప్రచురించాడు. అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే మాటలు లోకవ్యాప్తం కావడానికి ఆ గ్రంథమే ముఖ్య కారణం. 1928లో అమెరికా మనోవిజ్ఞాని విలియం మార్‌స్టన్, మామూలు మనుషుల భావోద్వేగాల గురించి ఒక పుస్తకం రాశాడు. ‘వండర్ ఉమన్’ బొమ్మల కథల పాత్రను 1941లో సృష్టించింది కూడా ఈయనే. మనిషి తన పరిసరాన్ని అనుకూలంగా చూస్తున్నాడా, ప్రతికూలంగా చూస్తున్నాడా, దానికి చొరవతో స్పందిస్తున్నాడా, సర్దుకుపోతున్నాడా అన్నదాన్ని బట్టి ఆయన నాలుగు రకాల స్పందనలను గుర్తించాడు. నేటి శిక్షణ తరగతుల్లో ఆధిపత్యం, ప్రభావం, నిలకడ, నియమబద్ధత అనే పేర్లతో చెప్పే నాలుగు శైలులకు మూలం ఇదే.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. మార్‌స్టన్ వర్ణించింది స్పందనలను. ఉద్యోగులను ఎంపిక చేసే పరీక్షను ఆయన తయారు చేయలేదు. ఆ పని తరువాతి కాలంలో వాల్టర్ క్లార్క్ వంటి పారిశ్రామిక మనోవిజ్ఞానులు చేశారు.

మరోవైపు, కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్, యుంగ్ భావనల ఆధారంగా పదహారు రకాల ప్రశ్నావళిని రూపొందించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లక్షలాది మహిళలు కొత్తగా కర్మాగారాల్లో చేరుతున్నప్పుడు, ఎవరికి ఏ పని నప్పుతుందో తెలుసుకోవడం వారి ఉద్దేశం. ఆ ప్రశ్నావళికి ఎనలేని ప్రచారం వచ్చింది. కాని 1991లో అమెరికా జాతీయ పరిశోధన మండలి సంఘం, వృత్తి సలహాల కోసం దాన్ని వాడడాన్ని సమర్థించేంత పటిష్ఠమైన పరిశోధన లేదని తేల్చింది.

3. మరో దారి: పరిసరం కూడా లెక్కలోకి

వర్గీకరణలు పెరుగుతున్న రోజుల్లోనే మరో ఆలోచన కూడా బలపడింది. 1925లో మేరీ పార్కర్ ఫాలెట్ ఒక ప్రసంగంలో తన అనుభవం చెప్పింది. హార్వర్డ్ గ్రంథాలయంలోని ఒక చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూసి ఉంచాలంది. చివరికి పక్క గది కిటికీ తెరిచారు. ఎందుకంటే అవతలి వ్యక్తికి కావలసింది గాలి మాత్రమే. ఆమెకు అక్కరలేనిది నేరుగా మీదికి కొట్టే ఉత్తరపు గాలి. ఇద్దరి తీరులూ మారలేదు. ఎవరికి ఏం కావాలో అడిగి తెలుసుకోవడం వల్ల తగవు తీరింది.

నాజీల కారణంగా జర్మనీ వదిలి అమెరికా చేరిన కుర్ట్ లెవిన్ 1936లో దీన్నే సూత్రంగా చెప్పాడు: ప్రవర్తన అనేది వ్యక్తి, పరిసరం రెండింటి ఫలితం.

మన ప్రాంతంలో కూడా ఈ దిశగా ఒక ప్రయోగం జరిగింది. 1960ల మధ్యలో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలండ్ బృందం, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో కాకినాడ వ్యాపారులకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చింది. పోల్చి చూడడానికి రాజమండ్రిని తీసుకుంది. శిక్షణ పొందినవారు కొత్త వ్యాపార ప్రయత్నాల్లో ఎక్కువ చురుకుగా ఉన్నారని 1969లో వెలువడిన గ్రంథంలో నమోదు చేశారు. పెద్ద వయసులోనూ మనిషి పని తీరు మారగలదన్నది వారి వాదం.

4. ఒక స్వానుభవం

ఈ పాఠం రాయడానికి నాకొక సొంత కారణం ఉంది. నేను శాఖాధిపతిగా ఉన్న రోజుల్లో ఒక సహోద్యోగి సమావేశాల్లో నోరు విప్పేవారు కాదు. అడిగితే ‘చూసి చెబుతానండీ’ అనేవారు. నాది వెంటనే తేల్చేసే స్వభావం. వార్షిక నివేదికలో ఆయన గురించి ‘చొరవ లేదు’ అని రాశాను. ఆ మాట ఆయన పదోన్నతికి అడ్డుపడింది.

మరుసటి ఏడాది పాఠ్యప్రణాళిక సమావేశానికి ముందు, గుమస్తా పొరపాటున అజెండాను అందరికీ మూడు రోజుల ముందే పంపాడు. ఆ రోజు మొదట మాట్లాడింది ఆయనే. చేతిలో నాలుగు పేజీల కాగితాలు ఉన్నాయి. ప్రణాళికలో మేమెవరమూ చూడని రెండు తప్పులు ఎత్తిచూపారు. నేను చొరవ లేదనుకున్నది నిజానికి చదవకుండా మాట్లాడకూడదన్న ఆయన నియమం. అంతకుముందు ఏడాదంతా నేను అజెండాను సమావేశంలోనే పంచేవాణ్ణి. పరిసరం నేను ఏర్పరచి, ఫలితాన్ని ఆయన స్వభావమని రాశాను. తరువాత నివేదికలో సరిచేశాను గాని, పోయిన సంవత్సరాన్ని ఆయనకు తిరిగి ఇవ్వలేకపోయాను.

5. మీరు ఏం చేయవచ్చు?

నాలుగు శైలుల పేర్లు తెలుసుకోవడం మంచిదే. మనకు నచ్చని పద్ధతి కూడా ఒక పద్ధతేనని అవి గుర్తుచేస్తాయి. అయితే ఆ పేరుతో ఆలోచన ఆపేయకూడదు. ఒకరి తీరు ఇబ్బంది పెట్టినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆయన అన్నిచోట్లా ఇలాగే ఉంటారా, ఈ పనిలోనేనా? ఇలా చేయడంలో ఆయన ఏం కాపాడుకోవాలనుకుంటున్నారు? ఆయన ఇలా ఉండడంలో నా వంతు ఏమిటి? మూడో ప్రశ్న అన్నిటికన్నా కష్టం. ఇతరుల గురించి నివేదిక రాసే అధికారం మీ చేతికి వచ్చిన రోజున, కలం పట్టే ముందు దాన్ని తప్పక వేసుకోండి.

సారాంశం

ప్రాచీనులు మనిషి తీరును దేహంలో వెతికారు. ఇరవయ్యో శతాబ్దం దాన్ని రకాలుగా, తరువాత పరీక్షలుగా మార్చింది. ఫాలెట్, లెవిన్ వంటివారు పరిసరాన్ని కూడా లెక్కలోకి తెచ్చారు. శైలి అనేది ఒక పరిస్థితిలో మనిషి చేసే పనికి వర్ణన. దాన్ని ఆ మనిషిపై తీర్పుగా వాడకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మార్‌స్టన్ వర్ణనకూ, తరువాత వచ్చిన ఎంపిక పరీక్షలకూ గల తేడా ఏమిటి?
2. కిటికీ ఉదంతాన్ని లెవిన్ సూత్రంతో అన్వయించి వివరించండి.
3. ‘ఆయన తీరే అంత’ అని మీరు అనుకున్న ఒక సహోద్యోగిని తలచుకుని, ఆ తీరులో మీ వంతు ఏమిటో పది వాక్యాల్లో రాయండి.