మందు కొలతలోనే గురి

ఏనుగుల వేటకు వాడిన పాతకాలపు జంట గొట్టాల రైఫిళ్ల పరిమాణాన్ని అంగుళాల్లో కాక సీసం తూకంతో చెప్పేవారు. ఒక పౌను సీసాన్ని ఎన్ని సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కొక్కటీ గొట్టంలో సరిగ్గా పడుతుందో ఆ సంఖ్యే దాని ‘బోర్’. అంకె తగ్గినకొద్దీ గొట్టం పెద్దది. 12 బోర్ గుండు దాదాపు 38 గ్రాములు, 8 బోర్ గుండు 57, 4 బోర్ గుండు 113. నల్ల తుపాకిమందుతో గుండు వేగం ఒక హద్దు దాటదు. అందుకే గుండు బరువు పెంచారు, దాంతో తుపాకీ బరువెక్కింది. 1840లో బ్రిస్టల్‌లోని తుపాకుల తయారీదారు గిబ్స్ చేత వేటగాడు శామ్యూల్ బేకర్ చేయించుకున్న ఒంటి గొట్టం రైఫిల్ బరువే 21 పౌన్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు. సిలోను అడవుల్లో ఆయన దాన్నే మోశాడు.

సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన ఆ మందును ‘డ్రామ్’లలో కొలిచేవారు. ఔన్సులో పదహారో వంతు ఒక డ్రామ్, అంటే ఒకటిముప్పావు గ్రాములు. 8 బోర్‌కు పది డ్రాములు మామూలు మోతాదు. ఇంగ్లండులో తయారైన మందుకు కావలసిన సురేకారంలో పెద్ద భాగం బీహారు నుంచే వెళ్లేది.

మూతి నుంచి నింపే రోజుల్లో ముందు మందు పోసి, దానిపై నూనె గుడ్డలో గుండు పెట్టి, కడ్డీతో అడుగుదాకా దించేవారు. చివరికి, దెబ్బ పడితే మందుకు నిప్పంటించే చిన్న లోహపు టోపీ తొడిగేవారు. జంట గొట్టాల్లో దీనికి మరో చిక్కు తోడయ్యేది. ఒక గొట్టం పేలిన అదురుకు రెండోదానిలోని గుండు మందును వదిలి కాస్త ముందుకు జరగవచ్చు. మధ్యలో ఖాళీ మిగిలితే పేల్చినప్పుడు గొట్టం ఉబ్బుతుంది, చీలిపోనూ వచ్చు. అందుకే ఖాళీ అయిన గొట్టాన్ని నింపేటప్పుడే, రెండోదాని టోపీ తీసేసి, అందులోనూ కడ్డీ దించి చూసేవారు. కడ్డీ మీద గీసిన గీత మూతికి సరిపోతే గుండు కదలనట్టు. ఏనుగు ఎదురుగా ఉన్నప్పుడు ఇంత నిదానం కుదరడం కష్టం. టోపీ మాత్రమే పేలిన ఒక 4 బోర్ తుపాకిలో సహాయకుడు మళ్లీ మందూ గుండూ దించగా, ఆ సంగతి తెలియని వేటగాడు ఫ్రెడరిక్ సెలూస్ పేల్చి నేలకూలాడు.

అసలు పనితనమంతా గురి కుదర్చడంలో ఉంది. కుడి గొట్టం పేలినప్పుడు, గుండు ఇంకా లోపలుండగానే, అదురు మూతిని పైకీ కుడికీ తిప్పుతుంది. ఎడమ గొట్టం పేలితే ఎడమకు. గొట్టాలను సమాంతరంగా అతికిస్తే రెండు గుండ్లు చెరో దిక్కూ పోతాయి. కనుక మూతుల దగ్గర వాటిని కాస్త దగ్గరకు వంచి, నడుమ చిన్న చీలిక బిగించి, టంకం పోసేవారు. తర్వాత బొమ్మమీద కాల్చి చూసి, టంకం కరిగించి, చీలికను వెంట్రుకవాసి జరిపి, మళ్లీ కాల్చేవారు. రెండు గొట్టాల గుండ్లూ ఒకే చోట తగిలేదాకా ఇదే తంతు. లండన్, బర్మింగ్‌హామ్ కర్మాగారాల్లో ఏళ్ల తరబడి చేతులు అరగదీసుకున్న పనివాళ్లే దీన్ని చేసేవారు. యంత్రం చేయలేని పని ఇది.

ఈ పొందిక ఒకే మందుకు, ఒకే గుండుకు కుదిరినది. మందు మోతాదు మారితే గుండ్లు విడిపోతాయి, లేదా ఒకదాన్నొకటి దాటుతాయి. వెనుక గురిరేకును ఎంత సవరించినా ఆ లోపం తీరదు, ఎందుకంటే లోపం రేకులో లేదు. బరువైన గుండు త్వరగా కిందికి వాలుతుంది కనుక గురిరేకులను దగ్గరి దూరాలకే అమర్చేవారు. తెల్లని పొగ ఎదుట కమ్మేయడం వల్ల మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో కనిపించేది కాదు.

1860ల తర్వాత వెనుక నుంచి తూటా దోపే రైఫిళ్లు వ్యాపించాయి. మందును ఇంటి దగ్గరే తీరిగ్గా తూచి తూటాలో నింపుకోవచ్చు కనుక, గురి నిలకడ పెరిగింది. 1898లో తుపాకుల తయారీదారు రిగ్బీ, గుండును మరింత వేగంగా పంపే పొగలేని మందు కార్డైట్‌తో పేలే .450 రైఫిల్ తెచ్చాక భారీ బోర్ల అవసరం తీరిపోయింది. మిగిలిన పాత రైఫిళ్లలో కొన్నింటి పెట్టె మూత లోపల, ఎన్ని డ్రాముల మందు, ఎంత గుండు అన్నది తయారీదారు రాసి అంటించిన చీటీ ఇంకా కనిపిస్తుంది.