బుద్ధొచ్చిన టక్కర్లు

1958 నవంబరు 23న అమెరికాలో ఏబీసీ టీవీలో వచ్చిన ‘మావెరిక్’ ఎపిసోడ్‌లో హీరో దాదాపు ఏ పనీ చెయ్యడు. హోటలు వసారాలో ఊగుడు కుర్చీలో కూర్చుని కర్రముక్క చెక్కుకుంటూ ఉంటాడు. పేకాటలో గెలిచిన 15 వేల డాలర్లను అతను ఊరి బ్యాంకులో దాచుకుంటే, ఆ బ్యాంకరు మర్నాడు అసలు డబ్బే ఇవ్వలేదు పొమ్మన్నాడు. ఎలా రాబడతావని జనం వేళాకోళం చేస్తున్నా బ్రెట్ మావెరిక్ (జేమ్స్ గార్నర్) మాత్రం ఆ పనిమీదే ఉన్నానంటాడు.

నిజంగానే ఉన్నాడు. అతని సోదరుడు బార్ట్, పాత ఎపిసోడ్‌లలో తలపడిన టక్కర్లను కూడగట్టి, అదే ఊళ్లో ఉత్తుత్తి షేర్ల వ్యాపారం నడిపి బ్యాంకరుకు కుచ్చుటోపీ పెడతాడు. సీరియల్ సృష్టికర్త రాయ్ హగ్గిన్స్ పెట్టుకున్న ధర్మం ఇదే: దొంగను ముంచితే దోషం లేదు. అందుకే ఈ టక్కర్లు ప్రేక్షకుడికి సొంతవాళ్లయ్యారు.

అసలు అమెరికా పడమటి చరిత్రలో మాత్రం ‘నేను మారాను’ అనే మాట కూడా సరుకే.

జోనథన్ హారింగ్టన్ గ్రీన్ సంగతే చూడండి. ఇండియానాలో 1813లో పుట్టి, మిసిసిపీ పడవల మీద పేకముక్కలతో పొట్టపోసుకున్నవాడు. 1842లో ఆట మానేశాడు. మరుసటేడే జూదం గుట్టు బయటపెడుతూ పుస్తకం అచ్చువేశాడు. ఊరూరా తిరిగి, ముక్కల వీపున రహస్యపు గుర్తులు ఎలా ఉంటాయో సభల్లో చూపించేవాడు. 1847లో ఫిలడెల్ఫియాలో ఫ్రీమన్ అనే జూదరి అతనితో బహిరంగ చర్చకు దిగాడు. పాపం, పుణ్యం రెండూ తెలిసినవాడి మాటకు గిరాకీ ఎక్కువ. ఆ గిరాకీ గ్రీన్‌కు బాగానే తెలుసు.

జెఫర్సన్ రాండాల్ఫ్ స్మిత్ మారనే లేదు, కానీ మారినట్టు మాట్లాడటంలో దిట్ట. 1860లో జార్జియాలో పుట్టాడు. డెన్వర్ వీధి మూలల్లో పెట్టె పరిచి సబ్బులు అమ్మేవాడు. కొన్ని బిళ్లలకు జనం కళ్లముందే నోట్లు చుట్టి, పైన కాగితం వేసి, మిగతావాటిలో కలిపేవాడు. నోటు దొరికిందని కేరింతలు కొట్టే అదృష్టవంతుడు అతని ముఠా మనిషే. మిగిలినవాళ్లకు దక్కేది ఉత్త సబ్బు. అందుకే ‘సోపీ’ అన్న పేరు పడింది. తన టివోలీ క్లబ్బు మీద అధికారులు విచారణకు దిగితే, అది జూదగృహం కాదనీ, ఒకసారి ఓడినవాడికి జన్మలో మళ్లీ పేక ముట్టుకోబుద్ధి కాదు గనుక జూదం మాన్పించే పాఠశాల అనీ వాదించాడని చెబుతారు. ఆ తెగువకు నవ్వు రాకుండా ఉంటుందా!

క్లోండైక్ బంగారం వేటలో 1897లో అలాస్కాలోని స్కాగ్వే చేరాడు. అక్కడ తెరిచిన టెలిగ్రాఫు ఆఫీసులో ఇంటికి కబురు పంపడానికి 5 డాలర్లు. జవాబులు కూడా వచ్చేవి. ఊరికి అసలు టెలిగ్రాఫు తీగ వచ్చింది 1901లో! చర్చిలకు చందాలిచ్చాడు, పేదల అంత్యక్రియలకు డబ్బు పెట్టాడు, కాబట్టి అతన్ని దేవుడిలా చూసినవాళ్లూ లేకపోలేదు. చివరికి స్టూవర్ట్ అనే బంగారం తవ్వేవాడి దగ్గర సుమారు 2,700 డాలర్ల బంగారాన్ని మూడు ముక్కల ఆటతో ముఠా కాజేయడంతో ఊరు తిరగబడింది. 1898 జులై 8న రేవు కట్ట మీద జరిగిన కాల్పుల్లో సోపీ చచ్చాడు. అతనికి ఎదురు నిలిచిన ఫ్రాంక్ రీడ్ గాయాలతో పన్నెండు రోజులకు పోయాడు.

టీవీకి ఇంత చేదు పనికిరాదు. 1971లో ఏబీసీలోనే వచ్చిన ‘ఏలియాస్ స్మిత్ అండ్ జోన్స్’లో ఇద్దరు దొంగలు బుద్ధిగా ఉంటామని మాటిస్తారు. ఏడాదిపాటు తప్పు చెయ్యకపోతే క్షమాభిక్ష పెడతానని గవర్నరు రహస్యంగా ఒప్పుకుంటాడు. ఈలోగా ఎదురైన మోసగాళ్లను వాళ్లు పాత తెలివితోనే బురిడీ కొట్టిస్తారు. ఈ సీరియల్‌కూ హగ్గిన్సే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. 1973 జనవరిలో దాన్ని ఆపేసేనాటికి 50 ఎపిసోడ్‌లు అయ్యాయి, క్షమాభిక్ష మాత్రం గవర్నరు చేతిలోనే ఉండిపోయింది.