టాపు తీసిన కారు

పాత సినిమాల్లో హీరోగారు పాట అందుకోగానే టాపు తీసిన కారొకటి ఎక్కడినుంచో ప్రత్యక్షమయ్యేది. పక్కనున్న హీరోయిన్ పైట గాలికి ఎగిరేది గాని, జుట్టు మాత్రం చెదిరేది కాదు. పాట మధ్యలో వాన వస్తే ఆ టాపు ఎవరు లాగాలి, ఎలా లాగాలి అన్న సందేహం మనకి రాలేదు. ఆ కారున్నవాళ్లకి మాత్రం నూరేళ్ల పైబడి అదే పెద్ద బెంగ.

అసలు ఈ మడతటాపు కారుతో పుట్టింది కాదు, గుర్రపు బళ్లనాటిది. జర్మనీలోని లాండావ్ ఊరి పేరు మోసిన బండికి ముందొకటీ వెనకొకటీ రెండు టాపులుండేవి. వానొస్తే రెండూ లేచి నడినెత్తిన కలుసుకునేవి. మన సైకిలు రిక్షా టాపూ, పసిపిల్లల తోపుడుబండి టాపూ ఆ వంశంలోవే. వంచిన కమ్ములు, వాటిమీద బిగించిన గుడ్డ, పక్కన ఒక కీలు. అంతే!

మరి నీళ్లు దిగని గుడ్డ ఎలాగ? 1823లో స్కాట్లండువాడు చార్లెస్ మకింటాష్ రెండు బట్టల మధ్య రబ్బరు పూసి అతికించే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. వానకోటు అందులోంచి వచ్చింది, టాపుగుడ్డా అందులోంచే వచ్చింది. ఇవాళ్టి మేలురకం గుడ్డ కూడా పైన యాక్రిలిక్ నేత, అడుగున మరో బట్ట, మధ్యలో రబ్బరు. బొబ్బట్టులో పూర్ణంలాగ!

మొదట్లో టాపు తీసే కారే మామూలు కారు. పైనా పక్కలా మూసిన కారు షావుకార్లది. 1919లో అమెరికాలో తయారైన కార్లలో పదింట తొమ్మిది గుడ్డటాపువే. దుమ్ము పడలేక దొరసానులు పొడుగాటి కోట్లు తొడుక్కుని, టోపీ ఎగిరిపోకుండా మేలిముసుగు గడ్డం కింద ముడేసుకునేవారు. పక్కలకి గుండీలతో తగిలించే తెరలూ, వాటికి సెల్యులాయిడ్ కిటికీలూ ఉండేవి. కొన్నాళ్లకి అవి పచ్చబడి పెళుసెక్కి పగిలేవి. 1922లో ఎసెక్స్ కంపెనీ మూతకారును చవగ్గా తెచ్చింది. పదేళ్లు తిరక్కుండా లెక్క తారుమారై, మూతకార్లే పదింట తొమ్మిదయ్యాయి. ఎండావానా తప్పించుకునే వీలుంటే ఎవరు కాదంటారు? దాంతో గుడ్డటాపు అవసరం పోయి ముచ్చట మిగిలింది.

ముచ్చట అన్నాక హంగులు రావాలి కదా. 1939లో ప్లిమత్ కారు టాపు ఇంజను పీల్పుడు బలంతో తనంతట తనే లేచింది. అంతకు ముందే, 1934లో, ఫ్రాన్సులో పూజో 401 కారు రేకు టాపునే డిక్కీలోకి దించేసింది. దాన్ని కనిపెట్టిన జార్జ్ పొలాఁ పళ్ల డాక్టరంటే నమ్ముతారా? పాపం, రహస్యోద్యమంలో పనిచేశాడని 1942లో నాజీలు ఆయన్ని కాల్చి చంపారు.

రేకు సంగతి ఎలా ఉన్నా, నా ఓటు గుడ్డకే. జర్మనీలో కార్మన్ వాళ్లు 1949 నుంచి 1980 దాకా కుట్టిన ఫోక్స్‌వాగన్ బీటిల్ టాపు చూడండి. పైన గుడ్డ, లోపల లైనింగు, మధ్యలో పరుపులాగ మెత్త, వెనక నిజం అద్దం. మడిస్తే వెనకవైపు మూటలా పేరుకునేది, డ్రైవరుకి వెనక దారి కనబడేది కాదు. అయితేనేం, చలికాలంలో లోపల వెచ్చగా ఉండేది.

ఇలాంటి టాపు కాపాడుకోవడం పట్టుచీర కాపాడుకోవడం లాంటిదే. తడిచీర మడిచి బీరువాలో పెడతామా? తడి టాపు మడిచినా అంతే, బూజు పడుతుంది. బ్లీచింగు పనికిరాదు, మెత్తటి బ్రష్షుతో నేత వాలునే తోమాలి. మడిచేటప్పుడు కమ్ముల మధ్య గుడ్డ ఇరుక్కోకుండా చేత్తో బయటికి లాగాలి, లేకపోతే కత్తెరలో పడ్డట్టే. తరచు గుడ్డ కంటే ముందు కుట్టుదారం ఎండకి చివికిపోతుంది. అప్పుడు టాపంతా మార్చనక్కర్లేదు, మళ్లీ కుట్టిస్తే సరి. సూది దిగిన ప్రతిచోటా నీటికి దారే కాబట్టి కుట్టుమీద జిగురు పూస్తారు. 1989లో వచ్చిన మాజ్దా మియాటాకి వెనక ప్లాస్టిక్ కిటికీ. జిప్పు విప్పి దాన్ని పరవకుండా టాపు దించితే మడత దగ్గర చిట్లేది. టాపులోంచి నీరు పోయే సన్నగొట్టాల్లో ఆకులు అడ్డుపడితే కారులో తివాచీ తడిసిపోయేది. చాలామంది గుడ్డని తిట్టుకునేవారు గాని తప్పు ఆకులది.

అమెరికాలో అయితే 1976 ఏప్రిల్లో చివరి కాడిలాక్ ఎల్డొరాడో వచ్చినప్పుడు, ఇంక టాపు తీసే కార్లు రావన్నారు. జనం ఎగబడి కొన్నారు. ఎక్కి తిరగడానికి కాదు, దాచుకోవడానికి! 1982లో క్రైస్లర్ మళ్లీ మొదలెట్టింది, 1984కి ఎల్డొరాడోయే తిరిగొచ్చింది. దాచుకున్నవాళ్లలో కొందరు మోసపోయామంటూ కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి మడిచి ఉంచిన టాపు బిర్రబిగిసి పొట్టిదవుతుంది. మళ్లీ వేద్దామంటే ముందు కొక్కేనికి అందదు. ఎండలో కాసేపు ఉంచి, మెల్లగా లాగుతూ, ఇద్దరు మనుషులు పట్టి బిగించవలసిందే.