కనుమ పండుగయు రోమనుల రథపందెములును

కనుమనాడు మన చంద్రగిరి ప్రాంతమున ఎద్దునకు పని చెప్పరు. కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో పూలదండ వేసి, పొంగలి పెట్టుదురు. ఇట్టి కృతజ్ఞత మనకే చెల్లినదని పెక్కురు తలంతురు. అది సరికాదు. రెండువేల యేండ్లకు పూర్వము రోమునగరమునను ఇట్టి పండుగ యుండెను.

దాని పేరు కాన్సువాలియా. కోసి దాచిన ధాన్యమునకు అధిదేవత యగు కాన్సుసునకు ఆగస్టు 21వ తేదిని, డిసెంబరు 15వ తేదిని ఉత్సవము చేసెడివారు. ఆనాడు గుఱ్ఱములకును కంచరగాడిదలకును పని మాన్పి, తలలకు పూలు చుట్టెడివారు. ఆ దేవుని బలిపీఠ మేడాది పొడవునను మట్టిలో కప్పబడి యుండి, పండుగకు మాత్రమే బయల్పడెడిది. అది యున్న పల్లపు నేలయే తరువాత ప్రపంచమెఱిగిన సర్కస్ మాక్సిమస్ అను పందెపు మైదానము!

పూజవెంట పందెము వచ్చెను. పందెము పెరిగినకొలది పూజ మఱుగున బడెను. నాలుగేసి గుఱ్ఱములు పూన్చిన రథములు ఏడు చుట్లు తిరుగవలెను. మలుపుకడ రథములు బోల్తాపడి సారథులు చచ్చుట అరుదు కాదు. వారిలో పలువురు బానిసలు. పదవులు కోరు ధనికులు జనుల మెప్పునకై సొమ్ము గుమ్మరించి ఆటలు పెట్టించిరి. ఎఱుపు, తెలుపు, ఆకుపచ్చ, నీలము అని జనులు నాలుగు పక్షములైరి. ఈ పక్షముల పిచ్చి కాన్‌స్టాంటినోపిలునకును ప్రాకెను. 532లో అచ్చట తిరుగుబాటు పుట్టగా, పందెపు మైదానమునందే 30,000 మందికి మించి సైనికులచే హతులైరని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియసు వ్రాసెను.

ఇక మన యింటికి వత్తము. చంద్రగిరి మండలమందలి రంగంపేటలో సంక్రాంతి దినములలో పశువుల పండుగ జరుగును. దేవతలవి, నాయకులవి, సినిమా నటులవి బొమ్మలున్న పలకలను ఎద్దుల కొమ్ములకు కట్టి, డప్పుల మ్రోతలో వీథిలోనికి తోలుదురు. యువకులు మీదబడి పలకలు లాగుకొందురు. మిద్దెలన్నియు జనముతో నిండును. క్రింద నిలిచినవారిలో కొందఱు కొమ్ముపోట్లు తినుట కద్దు.

ఇచ్చట చక్రవర్తి లేడు, బానిస లేడు. సాకిన రైతే ఎద్దును విడుచును. ఈ భేదము చిన్నది కాదని నేనును ఒప్పుకొందును. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను నిషేధించెను. 2023 మే 18న తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు చేసికొన్న చట్టములను అదే న్యాయస్థానము నిలిపెను. రంగంపేటవారు తమది జల్లికట్టు కాదు, పశువుల పండుగ యందురు. పేరేదైనను, బెదరిన ఎద్దునకు ఆ వీథిలో తప్పుకొను దారి యుండదు.

అలంకరించిన ఎడ్లను బయలున ఊరేగించి, పలకలను రైతుచేతనే విప్పించి పిల్లలకు పంచినచో పండుగకు ఏమి కొఱత? ఉదయమున ఎద్దునకు బొట్టు పెట్టిన యిల్లాలు మిద్దెయెక్కి, క్రింద నున్న కొడుకునకై కొంత, ఎద్దునకై కొంత, గుండె చిక్కబట్టుకొని నిలుచు పని తప్పును గదా.