కుడిచేతి రీలు ఎవరి కోసం?

కుడిచేతి వాటం ఉన్న అమెరికన్ ఒకడు చెరువు గట్టున నిలబడి చేపకి గాలం వెయ్యడం ఎప్పుడైనా జాగ్రత్తగా గమనించారా? కుడిచేత్తో కర్ర పట్టుకుని విసురుతాడు. ఎర నీళ్ళలో పడీ పడగానే కర్రని ఎడమచేతిలోకి మార్చుకుంటాడు. ఖాళీ అయిన కుడిచేత్తో పిడి తిప్పి దారం చుట్టుకుంటాడు. మళ్ళీ విసరాలంటే కర్ర మళ్ళీ కుడిచేతిలోకి. రోజంతా ఇదే తంతు. ఆ పిడేదో ఎడమవైపు ఉంటే ఈ గోలే ఉండదు కదా అని చూసే ఎవరికైనా అనిపిస్తుంది. ప్రోగ్రాములు రాసుకు బతికే నాబోటి వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, లూపులో అక్కర్లేని స్వాప్ కనపడితే చెయ్యి ఊరుకోదు.

కానీ ఇలా చేతులు మార్చే రీలే వందేళ్ళకి పైగా "మామూలు" రీలు. మార్చక్కర్లేనిదాన్ని "లెఫ్ట్ హ్యాండ్" అని విడిగా అడిగి తెచ్చుకోవాలి. ఇలా ఎందుకైందో తవ్వుకుంటూ పోతే సరదా అయిన చరిత్ర తగిలింది.

ముందు కాస్త ఉపోద్ఘాతం. మన ఊళ్ళలో గాలం అంటే వెదురు కర్ర, నైలాను దారం, బెండు, కొక్కెం. రీలు గొడవ లేదు. రీళ్ళలో ముఖ్యంగా రెండు జాతులు. బెయిట్‌కాస్టింగ్ రీల్లో ఎర విసిరినప్పుడు దారం చుట్టిన స్పూలే గిర్రున తిరుగుతుంది, బావిలోకి చేద వదిలితే గిలక తిరిగినట్టు. దారం పోయే వేగం కన్నా స్పూలు వేగం ఎక్కువైందా, పిచ్చుకగూడు లాంటి చిక్కు పడుతుంది. అందుకే విసిరేవాడి బొటనవేలు ఎప్పుడూ స్పూలు మీదే ఉండాలి. రెండోది స్పిన్నింగ్ రీలు. ఇందులో స్పూలు కదలదు, దారం దాని కొస మీంచి జారుకుంటూ పోతుంది, నేతగాళ్ళ నాడెలో కండె మీంచి నూలు జారినట్టే. పోలిక కోసం చెప్పడం కాదు, 1905లో దీనికి పేటెంటు తీసుకున్న ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ ఇంగ్లండు బ్రాడ్‌ఫర్డ్‌లో బట్టల మిల్లులున్న ఆసామీ.

బెయిట్‌కాస్టింగ్ రీలు కథ మాత్రం గడియారాల వాళ్ళతో మొదలౌతుంది. పళ్ళచక్రాలు పెట్టి, పిడి ఒక చుట్టు తిప్పితే స్పూలు ఎక్కువ చుట్లు తిరిగే రీళ్ళు 18వ శతాబ్దంలోనే లండన్లో అమ్మేవారు. కానీ వాటిని దూరం విసరడానికి పనికొచ్చే సాధనంగా మార్చింది అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. అక్కడి పారిస్ అనే ఊళ్ళో (ఫ్రాన్సుది కాదు) జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు 1810-20 మధ్య తన కోసమూ, స్నేహితుల కోసమూ ఇలాంటివి చేశాడు. 1830ల్లో ఫ్రాంక్‌ఫర్ట్ ఊళ్ళో మీక్ అన్నదమ్ములు, జొనాథన్, బెంజమిన్, ఆ పని అందుకున్నారు. వాళ్ళూ గడియారాల వాళ్ళే. వాళ్ళ దగ్గర పని నేర్చుకున్న బి.సి. మైలం తర్వాత సొంతంగా పేరు తెచ్చుకున్నాడు. పిడి ఒక చుట్టుకి స్పూలు నాలుగు చుట్లు, గడియారంలో ఉండే నాణ్యతతో. వీటికే కెంటకీ రీళ్ళని పేరు.

ఇక్కడ ఒక విషయం చూడండి. ఆ రీళ్ళలో స్పూలు, రెండు చక్రాలు, పిడి, అంతే. విసిరేటప్పుడు పిడి కూడా స్పూలుతో పాటు వెనక్కి తిరిగేది. చేప లాగితే మెల్లగా జారనిచ్చే డ్రాగ్ లేదు, వెనక్కి తిరక్కుండా ఆపే కట్టూ లేదు. అంటే రీలుకి ముందూ వెనకా అంటూ లేవు. పిడి కుడివైపు పెట్టుకునేవారు, నిజమే. కానీ రీలుని తిప్పి బిగించుకుంటే పిడి ఎడమవైపుకొస్తుంది, చక్రాలకి ఏ అభ్యంతరమూ ఉండదు.

మరి కుడివైపే ఎందుకు? నా లెక్క ప్రకారం ఆ రోజుల్లో అది తెలివైన పనే. డ్రాగ్ లేదు కాబట్టి పెద్ద చేప పరిగెడుతుంటే పిడి ఎంత వదలాలో, ఎప్పుడు పట్టాలో చేతికే తెలియాలి. పని తెలిసిన చెయ్యి పిడి మీద ఉండాలి. రెండోది, చుట్టేటప్పుడు దారం స్పూలు మీద ఒకేచోట గుట్టపడకుండా వేళ్ళతో అటూ ఇటూ నడపాలి, ఎడమచెయ్యి రీలుని గుప్పిట్లో పట్టుకుని ఆ పని చేసేది. మూడోది, అప్పటి ఎర బతికున్న చిన్న చేప. విసిరి కాసేపు ఎదురుచూడ్డమే. చేతులు మార్చుకోడానికి కావలసినంత టైముంది.

ఈ మూడు కారణాలూ ఒక్కొక్కటిగా పోయాయి. పిడి మాత్రం కదల్లేదు.

1890ల చివర్లో మిషిగన్ రాష్ట్రం కలమజూలో విలియం షేక్‌స్పియర్ జూనియర్ (నాటకాలాయన కాదు, పేరు మాత్రం నిజంగా అదే) లెవెల్‌వైండ్ అనే ఏర్పాటుకి పేటెంటు తీసుకున్నాడు. స్పూలు ముందు చిన్న కన్ను ఒకటి అటూ ఇటూ నడుస్తూ దారాన్ని సమంగా పరుస్తుంది. దాంతో ఎడమచేతి వేళ్ళకి పని పోయింది. చేతులు మార్చాల్సిన కారణాల్లో పెద్దది కొట్టుకుపోయింది. కానీ ఆ కన్ను పెట్టడంతోనే రీలుకి "ముందు" అనేది పుట్టింది. ఇక తిప్పి బిగించడానికి లేదు. తర్వాత వచ్చిన డ్రాగు, వెనక్కి తిరగనివ్వని కట్టు పిడి తిరిగే దిశని కూడా బిగించేశాయి. కారణాన్ని పోగొట్టిన పరికరమే అలవాటుని శిలాశాసనం చేసింది. పాత కోడ్‌లో ఇలాంటివి చూసే ఉంటారు: ఎవరో ఒక మంచి ఫీచర్ చేర్చేటప్పుడు అప్పటికి అటూ ఇటూ పెట్టుకోగలిగిన సెట్టింగుని హార్డ్‌కోడ్ చేసి పోతారు. అడిగితే, అందరూ అలానే వాడుతున్నారుగా అంటారు.

ఇంచుమించు అదే కాలంలో అదే మిషిగన్లో డోవాజియాక్ ఊరి జేమ్స్ హెడన్ చెక్కతో చేసిన ఎరలకి ప్రచారం తెచ్చాడు. చెక్క ఎర నీళ్ళలో ఊరికే ఉంటే ఏ చేపా మోసపోదు, పడ్డ వెంటనే లాగుతూ ఉండాలి. అంటే విసురు, లాగు, విసురు, లాగు. ఎదురుచూసే టైము పోయింది. చేతులు మార్చడం అనేది అప్పట్నుంచే ఖర్చు.

ఇంక స్వీడన్‌కి వెళ్దాం. స్వాంగ్‌స్టా ఊళ్ళో 1921లో కార్ల్ ఆగస్ట్ బోర్గ్‌స్ట్రోమ్ పెట్టిన ఆబు కంపెనీ గడియారాలు, టాక్సీ మీటర్లు చేసేది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో టాక్సీ మీటర్లకి గిరాకీ పడిపోయి రీళ్ళ వైపు మళ్ళింది. 1952లో ఎర్రరంగు అంబాసడర్ 5000 వచ్చింది. లెవెల్‌వైండు, నక్షత్రం ఆకారపు డ్రాగ్ బిళ్ళ, విసిరేటప్పుడు పిడితో సంబంధం లేకుండా తిరిగే స్పూలు, బ్రేకు, అన్నీ ఉన్నాయి. డ్రాగ్ వచ్చాక పిడి మీద అంత నేర్పుగల చెయ్యి అక్కర్లేదు. పిడి మాత్రం కుడివైపే.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. అంబాసడర్‌ని అమెరికాలో అమ్మింది గార్సియా అనే కంపెనీ. అదే గార్సియా ఫ్రాన్సు నుంచి మిషెల్ 300 అనే స్పిన్నింగ్ రీలు కూడా తెచ్చి అమ్మేది. అదీ గడియారాల ఊరు నుంచే, ఆల్ప్స్ కొండల దగ్గర క్లూజ్ నుంచి. మిషెల్ 300కి పిడి ఎడమవైపు! కుడిచేత్తో విసిరి, కర్ర కుడిచేతిలోనే ఉంచుకుని, ఎడమచేత్తో చుట్టడం. పిడి కుడివైపు కావాలంటే 301 కొనాలి. అంబాసడర్లో పిడి ఎడమవైపు కావాలంటే తర్వాత వచ్చిన 5001 కొనాలి. ఒకే దుకాణదారుడు ఒకే కుడిచేతివాటం మనిషికి, ఈ రీలుకి ఎడమచేత్తో చుట్టడం సహజం, ఆ రీలుకి కుడిచేత్తో చుట్టడం సహజం అని రెండూ అమ్మాడు. ఎవరూ ఇదేంటని అడిగినట్టు లేదు.

(టెక్సస్ గడియారాల రిపేరు మనిషి ఆర్.డి. హల్, చమురు బావులకి బాంబులు చేసే టల్సా కంపెనీకి 1949లో చేసిపెట్టిన జెబ్కో రీలుది ఇంకో దారి. అమెరికన్ పిల్లలకి మొదట చేతికిచ్చేది దాదాపు అదే, దాని పిడి కుడివైపు. అలవాటు అక్కడే పడుతుంది.)

ఇప్పటి స్పిన్నింగ్ రీళ్ళలో పిడి ఊడదీసి అటువైపు బిగించుకోవచ్చు, ఒక నిమిషం పని. బెయిట్‌కాస్టింగ్‌కి అలా కుదరదు. పిడి ఇరుసు, పెద్ద చక్రం, డ్రాగు అన్నీ ఒకే పక్క ఉంటాయి. అవతలి వైపుకి అంటే అద్దంలో ప్రతిబింబం లాంటి వేరే అచ్చులు, వేరే భాగాలు. మొదటిది కాన్ఫిగరేషన్, రెండోది ఏకంగా వేరే బ్రాంచి. వేరే బ్రాంచికి ఖర్చు పెట్టాలంటే కంపెనీ అమ్మకాలు చూస్తుంది. దొరకనిది అమ్ముడుపోదు, అమ్ముడుపోలేదు కాబట్టి తయారు చెయ్యరు. దీన్ని గిరాకీ లేకపోవడం అని రాసుకుంటారు.

పోటీలు రావడంతో కాస్త కదలిక వచ్చింది. 1967లో రే స్కాట్ ఆర్కన్సా బీవర్ లేక్‌లో పెట్టిన పందెంతో బాస్ చేపల వేట డబ్బులొచ్చే ఆటైంది. రోజుకి వందల సార్లు విసిరేవాడికి చేతులు మార్చడం లెక్కలోకొస్తుంది. 1970ల్లో కాలిఫోర్నియా డీ థామస్ ప్రచారంలోకి తెచ్చిన ఫ్లిప్పింగ్ పద్ధతిలో అయితే ఎర మునుగుతుండగానే చేప అందుకుంటుంది, ఆ క్షణాన కర్ర రెండు చేతుల మధ్య ఉందంటే చేప పోయినట్టే. జపాన్ కంపెనీలు షిమానో, దైవా బలపడ్డాక పరిస్థితి మెల్లగా మారింది. ఇప్పుడు పేరున్న మోడళ్ళు చాలావరకు రెండు వైపులా దొరుకుతున్నాయి.

కుడి పిడి వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. కుడిచేత్తో విసిరేటప్పుడు మణికట్టు హాయిగా ఆడాలంటే రీలుని పక్కకి వాల్చి పిడి పైకుండేలా పట్టుకుంటారు. కుడి పిడి అయితే అది దానంతట అదే పైకొస్తుంది. లోతుకి దిగే పెద్ద ఎరని రోజంతా లాగాలంటే బలమైన చెయ్యే తిప్పాలి అన్నదీ నిజమే. అయినా నా ఓటు ఎడమకే, స్పిన్నింగ్ రీలుతో మొదలుపెట్టిన వాళ్ళకి మరీ ముఖ్యంగా. ఎడమచెయ్యి చుట్టడం అప్పటికే నేర్చుకుని ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా కుడిచేత్తో చుట్టినవాడు మారాల్సిన పని లేదు, చేతులు మార్చుకుంటున్న సంగతే అతనికి తెలీదు.

ఇంకో మెలిక. పురచేతి వాటం వాళ్ళు ఎడమచేత్తో విసురుతారు, కుడిచేత్తో చుట్టుకుంటారు. అంటే వందేళ్ళుగా అందరికీ అమ్మిన మామూలు రీలు అచ్చంగా వాళ్ళకి సరిపోయేది. కత్తెర దగ్గర్నుంచి కాలేజీ కుర్చీ పలక దాకా ప్రతీదీ కుడిచేతివాళ్ళ కోసమే చేసిన ప్రపంచంలో ఎవరూ అనుకోకుండా వాళ్ళకి దక్కిన వస్తువిది. పాపం ఆ సంగతి తెలీక, లెఫ్ట్ హ్యాండ్ అన్న పేరు చూసి, తమకి పనికిరాని రీలు కొనుక్కునే వాళ్ళుంటారు. ఆ పేరు విసిరే చేతి గురించి కాదు, పిడి తిప్పే చేతి గురించి. కాబట్టి షాపులో అడిగేటప్పుడు నాది ఫలానా చేతివాటం అని చెప్పకండి. పిడి ఏ వైపు కావాలో చెప్పండి.